రంది లేని మనిషి

అమెరికన్లకు సాకరంటే ఎందుకు పట్టదు? ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టమని హైమవతికి నెలనెలా జీతమిచ్చేవారు. నవ్వకండి, నిజంగానే ఇచ్చేవారు. కేన్సస్ సిటీ పొలిమేర దాటాక, మొక్కజొన్న చేల మధ్య గోదాములాంటి కట్టడంలో ఉండేది ఆ ల్యాబ్. మెదడు మీద పాతికేళ్ళు పనిచేసిన అమలాపురం మనిషిని, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేనిదాన్ని, ఏరికోరి తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు దాని డైరెక్టర్ గ్రెగ్ హాలొరన్.

"ఆడేవాళ్ళకేం కొదవ లేదు హైమా," అనేవాడు గ్రెగ్. "శనివారం పొద్దున ఏ పార్కుకైనా వెళ్ళి చూడు. ఊళ్ళో పిల్లలంతా అక్కడే ఉంటారు. తల్లులు నారింజ ముక్కలు డబ్బాల్లో పెట్టుకుని గట్టు మీద నిలబడి అరుస్తుంటారు. ఆ పిల్లలే పెద్దయ్యాక సోఫాలో కూర్చుని ఇంకో ఆట పెట్టుకుంటారు. మధ్యలో ఏమైంది వీళ్ళకి?"

ఏమైందో హైమ యంత్రాలు చెప్పాయి. జనాన్ని పిలిచి, తలకు తీగలు తగిలించి, అన్ని ఆటలూ చూపించింది. బేస్‌బాల్ చూసేవాడు ఆటకంటే ఎక్కువ పక్కవాడితో కబుర్లాడతాడు, వేరుశనక్కాయలు వలుచుకుంటాడు, అతనికి కాలంతో పేచీ లేదు. బాస్కెట్‌బాల్‌లో ఊపిరి పీల్చి వదిలేలోపు బుట్టలో బంతి పడుతుంది. ఇక వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట ఉంది. చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అనడమేమిటో ఆ దేవుడికే తెలియాలి. అందులో కాసేపు గుద్దులాట, ఆపైన చాలాసేపు నిలబడటం, ఆ ఖాళీలో ట్రక్కుల ప్రకటన, బీరు ప్రకటన. మనం ఫుట్‌బాల్ అనే ఈ సాకర్‌లో మాత్రం గంటన్నరపాటు ఆగకుండా పరిగెడతారు, చివరికి ఒక్క గోలూ పడకపోవచ్చు. ఆ పడని సమయంలోనే చూసేవాడి మెదడులో ఒక సంకేతం లేచేది. తెరమీద అది పచ్చటి గీత. గీత లేచినకొద్దీ నిమిషం సాగుతుంది, బరువెక్కుతుంది, వేలు రిమోట్ మీదికి పోతుంది.

ఆ గీతను కిందికి అణచగలిగే పట్టీని హైమ తయారుచేసింది. చెవి వెనక అతికించుకునే చిన్న పట్టీ. పెట్టుకుంటే నిద్ర రాదు, మత్తు ఉండదు, ఆటలో ఒక్క పాసు కూడా కంటిని తప్పించుకోదు. గంటన్నర బరువు మాత్రం తెలియదు. ఒక ఉత్కంఠ నుంచి ఇంకో ఉత్కంఠకు నేరుగా అడుగు వేసినట్టు ఉంటుంది. దానికి వారధి అని తెలుగు పేరే పెట్టిందామె.

మొదట పెట్టుకున్నవాడు ఆమె మొగుడు. పెట్టుకున్నాక మళ్ళీ తీయాలని కూడా అనిపించలేదాయనకు.

నర్సింగ్ రావుది సిద్దిపేట. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు గోలీ, అంటే గోల్‌కీపరు. ఇక్కడ మంచినీళ్ళ పైపుల విభాగంలో ఇంజనీరు, ఆదివారాలు పార్కులో పిల్లలకు గోలీపని నేర్పేవాడు. ఇద్దరూ ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు కలగలేదు, ఒకరికొకరు చాలనుకున్నారు. ఆయనకు ఒకటే జబ్బు ఉండేది. హైమ కూరలకని వెళ్ళి కాస్త ఆలస్యం చేస్తే కిటికీ దగ్గర నిలబడేవాడు. "ఏడున్నవే? ఇంకెంతసేపు?" అని ఫోను మీద ఫోను. ఊరికి వెళ్ళొస్తే విమానం దిగకముందే ఫ్లాస్కులో టీ పట్టుకుని వచ్చి గేటు దగ్గర కాచుకుని ఉండేవాడు. "నేనేమైనా చిన్నపిల్లనా తప్పిపోవడానికి?" అని ఆమె దారి పొడుగునా విసుక్కునేది. విసుక్కుంటూనే ఆ టీ తాగేది.

ల్యాబులో ఒక నియమం ఉండేది. నేర్చుకున్న భాషలో మనిషి తెలియకుండానే అబద్ధాలాడతాడు కాబట్టి, గీత లేచినప్పుడు లోపల ఎలా ఉందో ఎవరి మాతృభాషలో వాళ్ళు చెప్పాలి. పట్టీ ఇంకా తయారుకాని రోజుల్లో ఒకసారి నర్సింగ్ రావు మ్యాచ్ చూస్తుంటే పచ్చగీత అందరికంటే ఎత్తుగా లేచింది. గ్రెగ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడెలా ఉంది నీకు?" అని అడిగింది హైమ.

"బంతి అవతలి దిక్కున్నది గదా," అన్నాడు నర్సింగ్ రావు ఛాతీ తడుముకుంటూ. "గందుకే లోపట రంది రంది అయితున్నది."

ఏమన్నాడన్నట్టు గ్రెగ్ ఆమెకేసి చూశాడు. రంది అనే మాట హైమ చెవిన వేలసార్లు పడి ఉంటుంది, కానీ పడ్డప్పుడల్లా వెనకాల 'వద్దు' తోనే పడింది. ఉద్యోగం పోయినప్పుడు, డాక్టరు పిల్లలు పుట్టరని చెప్పినప్పుడు, "రంది వెట్టుకోకు, నేనున్న గద" అన్నాడాయన. కాబట్టి అదేదో వదిలించుకోవలసిన సరుకేనని ఆమె అనుకుంది. కోనసీమలో ఆ మాట లేదు మరి.

"చికాకుగా ఉందంటున్నాడు," అని ఇంగ్లీషులో చెప్పింది.

గ్రెగ్ పచ్చగీత పక్కన 'విసుగు' అని పేరు రాశాడు. ఆ పేరే స్థిరపడింది.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. సాకర్ లీగు వారధిని కొనుక్కుంది. స్టేడియం గేటు దగ్గర టికెట్టుతో పాటు పట్టీ ఇచ్చారు, తర్వాత ఇళ్ళకూ పంపారు. ఒక సీజను గడిచేసరికి జనం విరగబడ్డారు. "ఇంత బాగుంటుందని మాకెవరూ చెప్పలేదేం!" అని తాతలు కూడా ఆశ్చర్యపోయారు. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటవాళ్ళు కూడా మాకూ కావాలని వచ్చారుగానీ, వాళ్ళ ప్రకటనలవాళ్ళు అడ్డం పడ్డారు. పట్టీ పెట్టుకున్న మెదడు బీరు ప్రకటనను కూడా దాటేసి పోతోందట. బేస్‌బాల్‌లోనైతే ఖాళీ తీసేస్తే మిగిలేదేముంది? మధ్యలో ప్రకటనలకు ఆగని ఆట సాకరొక్కటే, దానికే కలిసొచ్చింది. వందేళ్ళుగా భవిష్యత్తులో వస్తుంది, భవిష్యత్తులో వస్తుంది అని చెప్పుకుంటూ వచ్చిన ఆట ఒక్కసారిగా వచ్చేసింది.

ఒక్క రోసా మాత్రం మొహం ముడుచుకుంది. రోసా పళ్ళ డాక్టరు. గోల్‌పోస్టు వెనక స్టాండులో ఇరవై ఏళ్ళుగా డప్పు వాయించి జనం చేత పాడించే మనిషి. పన్ను చూపించుకోవడానికి వెళ్ళిన హైమను నోరు తెరిపించి మరీ దులిపేసింది.

"నా స్టాండులో ఎవరూ పాడటం లేదు, తెలుసా? గోల్ పడితే అరుస్తున్నారు, ఆపేస్తున్నారు. పాట ఎప్పుడు పాడతామనుకున్నావు? గోల్ పడినప్పుడు కాదు. ఏమీ జరగనప్పుడు. చెయ్యడానికి ఇంకేమీ లేక, ఆశ చావక పాడతాం."

నోట్లో దూది ఉండబట్టి హైమ జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ మాట మరిచిపోయింది కూడా.

లీగు పని మీద ఆమె రెండు నెలలు సియాటిల్‌లో ఉండవలసి వచ్చింది. రోజూ తనే ఫోను చేసేది. నర్సింగ్ రావు ముచ్చటగా మాట్లాడేవాడు, వండిన కూరలు చెప్పేవాడు, నవ్వించేవాడు. ఆయన ఒక్కసారి కూడా ముందుగా చెయ్యలేదన్న సంగతి తిరుగు విమానంలో కూర్చున్నాకగానీ ఆమెకు తట్టలేదు. పనిలో పడి ఉంటాడులే అనుకుంది.

గేటు దగ్గర ఆయన లేడు. ఇటు చూసింది, అటు చూసింది. ఫ్లాస్కులు పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఫోను చేస్తే వెంటనే ఎత్తి "ఇగో, వస్తున్న" అన్నాడు, అన్నట్టే వచ్చాడు. కారు దిగి, నిండుగా నవ్వి, పెట్టె అందుకుంటూ అన్నాడు.

"అరె! అప్పుడే వచ్చినవా?"

రెండు నెలలు. హైమ కారెక్కి కూర్చుంది. ఇంట్లో ఆమె మొక్కలకు నీళ్ళు పోసి ఉన్నాయి, దుప్పట్లు ఉతికి ఉన్నాయి, పొయ్యి మీద బగారన్నం వేడిగా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, పోనీ ఉంటే బాగుండు.

"నామీద బెంగ పెట్టుకోలేదా?" అని అడిగింది అన్నం కలుపుతూ.

"ఎందుకే? నువ్వు వస్తవ్ గద."

"రెండు నెలలు ఎలా గడిచాయి మరి?"

"ఏం గడుసుడు? నిన్న పోయి నేడొచ్చినట్టే ఉన్నది," అని ఆమె కంచంలో ఇంకో గరిటె వేశాడు.

ఆ ఆదివారం ఆయన వెంట పార్కుకు వెళ్ళింది. మునుపు బంతి మైదానం అవతలి చివర ఉన్నా సరే మోకాళ్ళు వంచి, చేతులు చాపి, దానికేసే చూస్తూ నిలబడేవాడు. ఇప్పుడు పోస్టుకు ఆనుకుని నిలబడ్డాడు. బంతి దగ్గరికొచ్చి మీద పడ్డాకగానీ కదలలేదు. ఒకటి, రెండు, మూడు అలా దూరిపోతుంటే హాయిగా నవ్వాడు. పిల్లలు కూడా నవ్వారు. హైమ ఒక్కతే బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి సిద్దిపేటకు ఫోను చేసింది. ఆడపడుచు సుగుణమ్మ పలికింది.

"వదినా, రంది అంటే ఏంటి?"

సుగుణమ్మ పడీపడీ నవ్వింది. "ఇన్నేండ్లు మా తమ్మునితోటి కాపురం జేసినవ్, రంది ఎర్కలేదా?"

"చింత అనుకున్నా."

"చింతనే. ఉత్త చింత గాదు. మనసేమో ఒకల కాడ ఉంటది, వాళ్ళేమో కండ్ల ముందట ఉండరు. గప్పుడు పాణం కొట్టుకుంటది సూడు, గది రంది. మా అవ్వ అంగడికి పోతే వాడు గడప మీదికెల్లి లేచెటోడు గాదు. అవ్వ వచ్చిందాంక బువ్వ ముట్టకపోయేది. గిప్పుడెట్లున్నడు?"

"బానే ఉన్నాడు వదినా. ఏ రందీ లేదు."

"గంతకంటె ఏం కావాలె!" అని సంతోషించింది సుగుణమ్మ.

హైమ ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చింది. పాతికేళ్ళ కాపురంలో మొగుడి మాట ఒకటి సరిగ్గా వినలేదు. వినని ఆ మాటకు అబద్ధపు పేరు పెట్టి, దేశం మొత్తం నుంచీ దాన్ని తుడిచేసింది.

మర్నాడు గ్రెగ్ గదిలోకి తలుపు కొట్టకుండానే వెళ్ళింది. "అది విసుగు కాదు గ్రెగ్. మనం అణిచింది ఎదురుచూపుని. బంతి కోసమైనా మనిషి కోసమైనా మెదడులో గీత ఒకటే. నా భర్తకిప్పుడు నేను ఊళ్ళో ఉన్నా లేకపోయినా ఒకటే."

గ్రెగ్ జుట్టు పక్కకు తోసి చెవి వెనక చూపించాడు. పట్టీ ఉంది.

"నా భార్య పోయాక ఏడాదిపాటు ఆ ఇంట్లోకి అడుగుపెట్టి లైటు వెయ్యలేకపోయాను. వంటింట్లోంచి పలుకుతుందేమోనని వాకిట్లోనే నిలబడేవాణ్ణి. ఇప్పుడు వేస్తున్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను. దీన్ని ఆపమంటావా నువ్వు?"

"మిగతావాళ్ళ సంగతేమిటి?"

"అడిగి చూడు. ఏదో పోగొట్టుకున్నామని ఒక్కరైనా అంటారేమో."

"అనరు. పోయిందని తెలియాలంటే అదే ఉండాలిగా!" అంది హైమ.

గ్రెగ్ తల వంచుకున్నాడు. పట్టీ మానేసినవాళ్ళలో కొందరికి గీత మళ్ళీ మొలుస్తోందనీ, కొందరికి మొలవడం లేదనీ, ఎవరికి మొలుస్తుందో తమకు తెలియదనీ చెప్పాడు. ఆమె లేచేటప్పుడు కొత్త పట్టీ ఒకటి చేతిలో పెట్టాడు. "నువ్వూ పెట్టుకో హైమా. బాధ ఒక్క వైపే ఉండటం అన్యాయం."

విసిరికొడదామనుకుంది, కానీ కొట్టలేదు. సంచిలో వేసుకుంది.

పట్టీ మానేయమంటే నర్సింగ్ రావు "తీసెయ్యాల్నా? తీసేస్త తియ్" అని అప్పటికప్పుడు పీకి చెత్తబుట్టలో పడేశాడు. ఆయనకు అదీ ఒకటే ఇదీ ఒకటే. ఇక హైమకు ఆ చలికాలమంతా ఒకటే పని, మొగుడిలో రంది మొలుస్తుందేమోనని కనిపెట్టుకుని ఉండటం. కావాలని ఆలస్యంగా ఇల్లు చేరేది. ఫోను మోగుతుందేమోనని కారులో ఒళ్ళో పెట్టుకునేది. ఒకసారి వీధి మలుపు తిరగ్గానే కిటికీలో ఆయన ఆకారం కనబడింది. కారు ఎలా ఆపిందో తెలియదు, తలుపు తాళం వెయ్యకుండా పరిగెత్తింది.

"నాకోసమేనా నిలబడ్డావు?"

"మంచు సూస్తున్ననే. ఎంత మంచిగ పడుతున్నదో సూడు," అని పక్కన చోటిచ్చాడు. ఆమె కూడా నిలబడి చూసింది, పాపం ఏం చేస్తుంది?

మళ్ళీ సీజను వచ్చి, సాగి, ఫైనల్ దాకా చేరింది. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట కంటే ఎక్కువమంది ఈ మ్యాచ్ చూడబోతున్నారని టీవీలన్నీ హోరెత్తాయి. ఆదివారం మధ్యాహ్నం ఎండలో స్టేడియం నిండిపోయింది. హైమకూ మొగుడికీ గ్రెగ్ మంచి సీట్లే ఇచ్చాడు. గేటు దగ్గర పిల్ల పట్టీ ఇవ్వబోతే హైమ వద్దంది, మొగుడికీ వద్దంది.

ఆట మొదలైంది. హైమకు జన్మలో మొదటిసారి సాకర్ అర్థమైంది. బంతి అవతల ఉన్నప్పుడు ఇవతలి గోలీ ఎందుకు అలా వంగి నిలబడతాడో అర్థమైంది. గోల్ పడలేదు. ఇంకా పడలేదు. అబ్బ, ఎంతసేపని! గోళ్ళు కొరుక్కుంది, కుర్చీ అంచుకు జరిగింది, పోస్టు తగిలి బంతి వెనక్కొస్తే నోట్లోంచి "అయ్యో!" అని గట్టిగా వచ్చేసింది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ నిండు స్టేడియంలో అయ్యో అన్నది ఆమె ఒక్కతే. అందరూ కళ్ళు ఆర్పకుండా, మొహాలు తేటగా, ఏ తొందరా లేకుండా చూస్తున్నారు. ఎక్కడో గోల్‌పోస్టు వెనక డప్పు మోగింది, తోడు పాట రాక ఆగిపోయింది. నర్సింగ్ రావు ఆమె అరచేతిలో వేయించిన శనగలు పోశాడు.

చివర్లో గోల్ పడింది. స్టేడియం దద్దరిల్లి, అంతలోనే చల్లబడింది.

బయటికొచ్చాక ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ల్యాబులో తీగలు పెట్టి చూడొచ్చు, కానీ గీతలు చెప్పేది వినే ఓపిక ఇంక లేదు. "నువ్వు ఈ గట్టు మీద కూర్చో, ఇప్పుడే వస్తా" అని చెప్పి, కారు పార్కింగు చివర ఆగి ఉన్న తిండిబండి వెనక్కి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి ఆయన బాగా కనిపిస్తున్నాడు. చూడు, ఒక్కసారి తలెత్తి చూడు, అని మనసులోనే బతిమాలుకుంది. ఇంకేం వద్దు. ఒక్కసారి మెడ తిప్పి, ఇదెక్కడికి పోయింది అని చూస్తే చాలు, ఈ జన్మకు చాలు.

కార్లు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. బస్సులు వెళ్ళిపోయాయి. నర్సింగ్ రావు సిమెంటు గట్టు మీద చేతులు వెనక్కి ఆనించి కూర్చున్నాడు. ఊడ్చేవాళ్ళు వస్తే కాళ్ళు ఎత్తి చోటిచ్చాడు, వాళ్ళతో ఏదో చెప్పి నవ్వించాడు. తిండిబండివాడు మూకుళ్ళు కడిగి సర్దేసుకుంటూ ఈమెకేసి అనుమానంగా చూశాడు. ఎండ పక్కకు వాలింది. ఆమె కాళ్ళు పీకుతున్నాయి. ఆయన ఎంతసేపైనా అలాగే కూర్చుంటాడు, ఆమెను వదిలేసి ఇంటికి పోడు. అది కూడా ఆమెకు తెలుసు. మెడ మాత్రం తిప్పడు.

సంచిలోంచి గ్రెగ్ ఇచ్చిన పట్టీ తీసింది. కాగితం ఊడదీసి చెవి వెనక నొక్కితే సరి, ఇల్లు చేరేసరికి ఏ నొప్పీ ఉండదు. ఇద్దరూ చక్కగా వండుకుని, తిని, మంచు పడితే మంచు చూస్తారు. కానీ అప్పుడు ఈ లోకంలో నర్సింగ్ రావు కోసం దారి చూసే మనిషి ఒక్కరూ ఉండరు. ఆయన ఏమైపోయినా అయ్యో అనేవాళ్ళుండరు. పట్టీని రెండుగా తుంచి తిండిబండివాడి చెత్తడబ్బాలో పడేసింది. తర్వాత నెమ్మదిగా నడిచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ఎవరికోసం కూర్చున్నావు?" అంది.

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. అబద్ధం ఏనాడూ చెప్పినవాడు కాదు.

"ఎవరికోసం ఏంది? ఊకెనే కూసున్న."

"నేను అక్కడే ఉన్నాను. ఆ బండి వెనక. ఇంతసేపూ నిన్నే చూస్తూ నిలబడ్డాను."

"గంతసేపు నిలవడ్డవా? అయ్యో, పిచ్చిదానా, కాళ్ళు గుంజుతలేవా? ఒక్క కేక వెయ్యకపోయినవ్!" నర్సింగ్ రావు గబగబా కిందికి దిగి, ఆమె చెప్పులు విప్పి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తసాగాడు. ఆ చేతులు ఎప్పటిలాగే వెచ్చగా ఉన్నాయి. హైమకు దుఃఖం ఆగలేదు.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నవ్?"

"నీమీద బెంగగా ఉంది," అంది హైమ.

ఆయన తలెత్తి ఆమెకేసి చూశాడు. ఎంతో ప్రేమగా, ఏమీ అర్థంకాక చూశాడు.

"ఈడనే ఉన్న గదనే," అన్నాడు.